పిల్లల ఇంగ్లీషు మాటల పట్టీలు మార్చండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో చదివే మన తెలుగు పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పుతున్న తీరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పెరంబూరులో సాయంత్రం పూట ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతుంటాను. పిల్లల సంచుల్లో తరచూ ఒక కాగితం కనిపిస్తుంది. ఒకే అక్షరాలున్న మాటలు ఒక వరుసలో, వాటి అర్థాలు ఎదురుగా ఇంకో వరుసలో ఉంటాయి. అంతా బట్టీపట్టి సోమవారం అప్పజెప్పాలి. అక్షరాలను బట్టి మాటలు కూర్చడాన్ని నేను తప్పుపట్టను, అది మంచి దారే. కానీ ఏ అక్షరాలు అర్థాన్ని మోస్తున్నాయో, ఏవి ఊరికే ఒకచోట పడ్డాయో చెప్పకుండా వల్లె వేయించడం మానాలి.

ఈ మధ్య ఒక పట్టీకి 'డెంట్' అని శీర్షిక పెట్టి డెంటిస్ట్, స్టూడెంట్, యాక్సిడెంట్, ప్రెసిడెంట్, ఇండెంట్ అని వరసగా ఇచ్చారు. డెంటిస్ట్‌కు మూలం లాటిన్‌లో పన్ను అనే మాట. మన దంతం దానికి చుట్టమే. ఈ ఒక్క సంగతి చెబితే ఆరో తరగతి పిల్ల ఆ మాటను జన్మలో మరిచిపోదు. స్టూడెంట్‌లో మాత్రం పన్ను లేదు. దాన్ని 'స్టడ్' దగ్గర విడగొట్టాలి, చివరి 'ఎంట్' ఆ పని చేస్తున్నవారిని చెప్పే ప్రత్యయం. ప్రెసిడెంట్, రెసిడెంట్ అలాంటివే. యాక్సిడెంట్ అంటే లాటిన్‌లో వచ్చి మీద పడేది.

ఇండెంట్ నిజంగా పంటి కుటుంబంలోదే. పూర్వం ఇంగ్లండులో ఒప్పందాన్ని ఒకే తోలు మీద రెండుసార్లు రాసి, మధ్యన పళ్లుపళ్లుగా కోసి, చెరో ముక్కా దాచుకునేవారు. తగవు వస్తే ఆ పళ్లు ఒకదానిలో ఒకటి ఇముడుతున్నాయో లేదో చూసేవారు. అలాంటి ఒప్పందానికి ఇండెంచర్ అనే పేరు అలా వచ్చింది. 1860లో మన మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీల ఓడలు బయలుదేరాయి. ఆ కూలీలు కట్టుబడినది ఇండెంచర్ ఒప్పందానికే. అలా సముద్రం దాటిన వేలమందిలో తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఇదే ఊళ్లో పెరుగుతున్న తెలుగు బిడ్డ చేత ఇండెంట్ అంటే గంటు అని ఒక్క ముక్క రాయించి వదిలేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

'పెడ్' ఉన్న మాటలూ ఇంతే. పెడల్, పెడెస్ట్రియన్, సెంటిపీడ్ పాదానికి సంబంధించినవి. మన పాదం, లాటిన్ 'పెడ్', ఇంగ్లీషు ఫుట్ ఒకే మూలం నుంచి చీలిన మాటలు. పీడియాట్రిక్స్‌కు మాత్రం గ్రీకులో పిల్లవాడు అనే మాట ఆధారం. బ్రిటిష్ రాతలో 'పి' తర్వాత ఒక 'ఎ' ఉండి తేడా తెలుస్తుంది. అమెరికా రాతలో అది పోయింది కాబట్టి పిల్లల డాక్టరు పాదాల డాక్టరులా కనబడతాడు. టీచరు చెప్పకపోతే పిల్లలకు ఈ తేడా ఎలా తెలుస్తుంది?

మనకిది కొత్త విద్య కాదు. ఉపసర్గ, అంటే మాట ముందు చేరే ముక్క, ధాతువు అనే మూలపదం అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి లాక్కుపోతుందని చెప్పి, ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహారాలను ఉదాహరణగా చూపే శ్లోకం సంస్కృతం చదివిన మన పెద్దలకు నోటికి వచ్చు. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, సపోర్ట్ అదే పద్ధతిలో చెప్పవచ్చు. 'పోర్ట్' అంటే మోయడం: లోపలికి, బయటికి, అవతలికి, కింది నుంచి. సెంట్రల్ స్టేషన్లో పెట్టెలెత్తే పోర్టరూ ఈ కుటుంబంవాడే. మన చెన్నై పోర్టు మాత్రం రేవు అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది.

ఇక టఫ్, దో, త్రూ, కాఫ్, ప్లౌ. అన్నింట్లో 'ఓ, యు, జి, హెచ్' ఉన్నా ఒక్కోటి ఒక్కో తీరు పలుకుతుంది. ఆ 'జి హెచ్' ఒకప్పుడు గొంతులోంచి వచ్చే ఒక ధ్వనికి గుర్తు. ధ్వని పోయింది, రాత మిగిలింది. 1476లో కాక్‌స్టన్ అనే ఆయన ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగు గట్టిపడుతూ వచ్చింది, పలుకు మాత్రం మారుతూ పోయింది. రాసినట్టే చదివే తెలుగు పిల్లలు ఇక్కడ తికమకపడితే వాళ్లను మొద్దులనకూడదు. ఇలాంటి పట్టీని పలకడం నేర్పడానికే వాడాలి.

అర్థాల వరుస సంగతీ చూడాలి. రన్ అంటే పరుగెత్తు అని ఒక్కటే నేర్చుకున్న పిల్లవాడు కొట్టు నడపడం గురించి చదివితే ఏం చేస్తాడు? 1850ల తొలినాళ్లలో ఈ ఊళ్లోనే అచ్చయిన సి.పి. బ్రౌన్ నిఘంటువులు ఒక్కో మాటకు ఎన్నో అర్థాలు, వాడుకలు ఇచ్చాయి. ఇప్పటి పట్టీ ఒక్క వాక్యమైనా ఇవ్వలేదా?

బడుల యాజమాన్యాలకు, పదాల పుస్తకాలు అచ్చువేసేవారికి నా విన్నపం ఒకటే. ప్రతి పట్టీ పైన అది అర్థం కలిసినదా, పలుకు కలిసినదా, రాత మాత్రమే కలిసినదా అని తెలుగులో ఒక్క ముక్క రాయండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఇది కష్టమైన పనేమీ కాదు. మీ పత్రిక పిల్లల పేజీలోనూ వారానికో ధాతువు వేయండి. దాని మాటలతో పాటు, అవే అక్షరాలున్నా ఆ కుటుంబానికి చెందని మాటలు రెండైనా పక్కనే అచ్చువేయండి.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచరు,
పెరంబూరు, చెన్నై