కంటి మత్తు చుక్కలు ఇంటికి ఇవ్వొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

దాళ్వా (రబీ వరి) కోతలు దగ్గరపడ్డాయి. త్వరలో కోత మిషన్లు చేలల్లోకి దిగుతాయి, కళ్ళాల్లో ధాన్యం ఎగరబోస్తారు, రైస్ మిల్లుల్లో వెల్డింగ్ పనులు ఊపందుకుంటాయి. కోనసీమలో కొబ్బరి దింపు సరేసరి, అది ఏడాది పొడవునా ఉండేదే. ఈ రోజుల్లో మన డెల్టాలో కంటి దెబ్బతో ఎవరో ఒకరు ఆసుపత్రి మెట్లెక్కని ఊరు ఉండదు. వరి ఆకు కొస గీసుకుంటుంది, ఊక పడుతుంది, చెట్టు మీంచి పీచు ధూళి రాలుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆప్తాల్మిక్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. కోతలు మొదలవకముందే ఒక మాట చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను. పరీక్ష గదిలో మాత్రమే వాడాల్సిన మత్తు చుక్కల మందు ఇళ్ళలోకి చేరుతోంది. దాన్ని ఆపాలి.

కన్ను పరీక్షించేటప్పుడు రకరకాల చుక్కలు వేస్తారు, రోగికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మన దగ్గర మత్తు చుక్క అంటే ఎక్కువగా 0.5 శాతం ప్రొపారకైన్. వేయగానే కాస్త చురుక్కుమంటుంది. అర నిమిషంలో కన్ను మొద్దుబారుతుంది, పావుగంట, ఇరవై నిమిషాల్లో మళ్ళీ స్పర్శ వస్తుంది. నీటికాసుల (గ్లకోమా) అనుమానంతో కంటి ఒత్తిడి కొలవాలన్నా, గుచ్చుకున్న ఇనప రజను తీయాలన్నా అది కావాల్సిందే. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టరు కొకైన్‌తో కంటిని మొద్దుబార్చవచ్చని చూపించాడు. అంతకుముందు చాలావరకు మెలకువగా ఉన్న మనిషిని పట్టుకుని కంటి ఆపరేషన్లు చేసేవారు. కాబట్టి ఆ మందును నేను తప్పుపట్టడం లేదు.

రెండోది రంగు. దాని పేరు ఫ్లోరెసిన్. చివర నారింజ రంగు పూసిన సన్నటి పేపరు స్ట్రిప్‌ను సెలైన్ చుక్కతో తడిపి కింది రెప్ప లోపల తాకిస్తారు. తర్వాత నీలి లైటు వేస్తే, నల్లగుడ్డు (కార్నియా) పైపొర ఎక్కడ చెదిరిందో అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలు టార్చి వెలుగులో దొరకని గీత కూడా దీంతో దొరుకుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కంట్లో పుల్ల గుచ్చుకున్నట్టు బాధపడుతున్న మనిషికి మత్తు చుక్క పడగానే ప్రాణం లేచివస్తుంది. "నొప్పి మాయమైపోయిందండి, ఆ సీసానే ఇప్పించండి" అని అడగని రోగిని నేను చూడలేదు. అడగడం వాళ్ళ తప్పు కాదు. ఇవ్వడమే తప్పు. ఇవ్వకపోతే సీసా మీద పేరు ఫోనులో ఫొటో తీసుకుని మెడికల్ షాపుకి వెళ్తున్నారు, అక్కడ చీటీ అడగకుండా ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

నేను ఉద్యోగంలో ఉండగా రైస్ మిల్లులో వెల్డింగ్ చేసే కుర్రాడు ఒకడు వచ్చాడు. అద్దం పెట్టుకోకుండా వెల్డింగ్ చేస్తే రాత్రికి కళ్ళు మండిపోతాయి, అది మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయే బాధ. ఇతను మాత్రం ఎక్కడో మత్తు చుక్కల సీసా సంపాదించి, నొప్పి వచ్చినప్పుడల్లా గంటకోసారి వేసుకున్నాడు. వారం దాటాక వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి వలయం కట్టి ఉంది. పెద్దాసుపత్రికి పంపాం. కన్ను దక్కింది కానీ పువ్వు (తెల్లమచ్చ) మిగిలిపోయింది. ఆ కంటితో ఇప్పుడు అతనికి మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు.

ఎందుకిలా జరుగుతుందంటే, నల్లగుడ్డు పైపొర దెబ్బతింటే చుట్టూ ఉన్న కణాలు జరిగి వచ్చి ఆ ఖాళీని పూడుస్తాయి. చిన్న గీతైతే ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. మత్తుమందు పదేపదే పడితే ఆ కణాలు జరగలేవు, పెరగలేవు, చచ్చిపోతాయి. పైగా స్పర్శ లేని కంటికి రెప్ప సరిగా పడదు, నీరు ఊరదు, నలిపినా తెలియదు. పుండు లోతుకు దిగి చివరికి నల్లగుడ్డు చిల్లు పడవచ్చు. నల్లగుడ్డు మందం మధ్యలో అర మిల్లీమీటరు పైచిలుకే మరి. దెబ్బ ముదురుతోందని చెప్పాల్సిన నొప్పి నోరు మనమే నొక్కేస్తున్నాం.

అమెరికాలో ఎమర్జెన్సీ డాక్టర్లు చిన్న గీతలకు 24 గంటలకు మించకుండా కొద్ది చుక్కలు ఇచ్చి పంపవచ్చా అని చర్చిస్తున్నారు. ఆ మాట ఇక్కడ ఎవరైనా ఎత్తితే నా జవాబు ఒకటే. మన కళ్ళకు తగిలేది వరి ఆకు, ఊక, మట్టి. వాటితో పాటు బూజు జాతి క్రిములు లోపలికి వెళ్తాయి. అలాంటి పుండు మొదట్లో నెమ్మదిగా ఉంటుంది, నొప్పి కూడా అంతంతే. దాని మీద మత్తు చుక్కలు గాని, షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు గాని పడితే కన్ను పోయినట్టే. నలక తీయడానికి నాలుకతో నాకించుకోవడం, ఆకు పసర్లు, చనుబాలు పోయడం కూడా ఇంకా ఉన్నాయి. అవీ మానాలి.

ఊళ్ళలో పెట్టే కంటి శిబిరాల గురించి కూడా చెప్పాలి. వందమంది వరసలో ఉన్నప్పుడు ఒకే సీసా అందరి కళ్ళ మీదా తిరుగుతుంది. కొస ఒక్కరి రెప్పవెంట్రుకకు తగిలినా ఆ సీసా పక్కన పడేయాల్సిందే. 2023 జూలై, ఆగస్టుల్లో కండ్లకలక రెండు తెలుగు రాష్ట్రాల్నీ ఎలా చుట్టేసిందో మరిచిపోలేదు కదా. రంగును కూడా సీసాల్లో ద్రవంగా పెడితే సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా అందులో పెరుగుతుంది, అందుకే మనిషికో స్ట్రిప్ పద్ధతి వచ్చింది. ఒక స్ట్రిప్ ఇద్దరికి వాడటం పొదుపు కాదు. ప్రొపారకైన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో తిరిగి రంగు మారిన సీసాను వాడకూడదు.

పరీక్ష అయ్యాక రోగికి నాలుగు మాటలు చెప్పి పంపాలి. స్పర్శ వచ్చేదాకా కన్ను నలపకూడదు. కాంటాక్ట్ లెన్స్ వెంటనే పెట్టుకోకూడదు, రంగు అంటుకుంటుంది. ముక్కు చీదితే పసుపు రంగు వస్తే కంగారు పడక్కర్లేదు, అది కంట్లోంచి ముక్కులోకి దిగిన రంగే. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు కూడా వేసి ఉంటే కొన్ని గంటల పాటు చూపు మసకగా ఉంటుంది. అలాంటివాళ్ళు బండెక్కి కాలువ గట్టున పోవడం ఎంత ప్రమాదమో మనకు తెలుసు. వెంట ఒక మనిషి ఉండాలి.

మత్తు చుక్క గది దాటకూడదు, రంగు స్ట్రిప్ మాత్రం ప్రతి ఊరికీ చేరాలని నా ఆలోచన. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు ఈ స్ట్రిప్‌లు, నీలి టార్చీలు ఇచ్చారు. గీత కనిపించినవాళ్ళకు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు వేశారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపు వచ్చినవాళ్ళలో ఒక్కరికీ పుండు పడలేదని 2001లో ప్రచురించారు. అక్కడా పొలం పనే, ఇక్కడా పొలం పనే. మన ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఈ పని నేర్పడం పెద్ద ఖర్చేమీ కాదు.

కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం. కోతలు ముగిసేదాకా ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్ట్రిప్‌లు, నీలి టార్చి ఉంచండి, గీత మానకపోతే మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేయండి. శిబిరాలకు అనుమతి ఇచ్చేటప్పుడు, వాడిన మత్తు చుక్కల సీసాలు నిర్వాహకులే లెక్కపెట్టి వెనక్కి తీసుకెళ్ళాలని షరతు పెట్టండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మిల్లులు, వర్క్‌షాపులు ఎక్కువగా ఉన్న చోట మెడికల్ షాపుల్లో ఈ మందు అమ్మకాలు తనిఖీ చేయాలి. మందు కంపెనీలు సీసా మీద "పరీక్ష గదిలో మాత్రమే, ఇంట్లో వాడరాదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. మీ పత్రిక కోతల రోజుల్లో వ్యవసాయ పేజీలో ఈ జాగ్రత్తలకు కాస్త చోటు ఇస్తే, రాసిపెట్టే పని నేను చేస్తాను.

— రిటైర్డ్ ఆప్తాల్మిక్ అసిస్టెంట్, పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా