స్తంభం ఒరిగితే ఎవర్ని అడగాలి?

సంపాదకుడు గారికి,

మా కావలిలో ఏ వీధిలో తలెత్తి చూసినా ఒకే స్తంభం మీద కరెంటు వైర్లు, ఇంటర్నెట్ ఫైబర్, కేబుల్ టీవీ తీగలు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. గాలివానకు స్తంభం ఒరిగితే అన్నీ పోతాయి. లైన్‌మన్ వచ్చి కరెంటు ఇస్తాడు, ఫైబర్ మాది కాదంటాడు. కేబుల్ అతనేమో స్తంభం ముట్టుకుంటే కేసు పెడతారంటాడు. తప్పెవరిదో తేల్చే వాళ్లు లేరు.

ఫోన్, టీవీ, ఇంటర్నెట్ మూడూ ఒకే తీగలో వస్తున్నప్పుడు వాటి మీద అజమాయిషీ ఎందుకు ముక్కలుగా ఉండాలి? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 1997లో టెలికాం కోసం పుట్టింది, 2004 జనవరిలో కేబుల్, ప్రసార సేవలూ దాని కిందికి వచ్చాయి, కానీ టీవీలో వచ్చే కార్యక్రమాల సంగతి ఇప్పటికీ సమాచార ప్రసార శాఖదే. పైగా ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు పరిష్కరించదు. అన్నిటికీ ఒకే కమిషన్ ఉండాలని 2001లో కన్వర్జెన్స్ బిల్లు పెట్టారు, 2004లో లోక్‌సభ రద్దవడంతో అది మురిగిపోయింది. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం తెచ్చినప్పుడైనా ఆ పని చెయ్యాల్సింది. బ్రిటన్‌లో ఐదు సంస్థల్ని కలిపి ఆఫ్‌కామ్ అనే ఒకే నియంత్రణ సంస్థ పెట్టి 20 ఏళ్లు దాటింది.

అలాగని జర్మనీలోలాగా కరెంటు, గ్యాస్, టెలికాం, పోస్టు, రైల్వే అన్నీ ఒకే సంస్థ చేతిలో పెట్టమని నేను అనను. మన రాజ్యాంగంలో టెలిఫోన్లు, ప్రసారాలు కేంద్ర జాబితాలో, విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కరెంటు చార్జీల మీద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడితే రైతులు వెళ్లి గట్టిగా మాట్లాడగలుగుతున్నారు. రొయ్యల చెరువుల యూనిట్ రేటు ఢిల్లీకి అప్పజెబితే మన గోడు ఎవరు వింటారు?

స్తంభాల వరకు మాత్రం ట్రాయ్, విద్యుత్ నియంత్రణ మండలి ఇద్దరూ కూర్చుని ఒకే నిబంధన రాయాలి. కేబుల్, ఫైబర్ వాళ్లు స్తంభానికి కట్టాల్సిన అద్దె ఎంత, తీగ ఎంత ఎత్తులో ఉండాలి, ఒరిగితే ఎవరు ఎన్ని గంటల్లో సరిచెయ్యాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ అద్దె పక్కాగా వసూలైతే ఆ మేరకు మన కరెంటు చార్జీల భారమూ తగ్గించొచ్చు. కరెంటుకు చట్టప్రకారం వినియోగదారుల ఫిర్యాదుల వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు కదా, ఫోన్‌కీ ఇంటర్నెట్‌కీ కూడా అలాంటిది నెల్లూరులోనో ఒంగోలులోనో పెట్టండి. ఈ విషయం మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

– ఒక పాఠకుడు, కావలి