టైలరాంటీకి, ఇంకా అందరికీ

మా ఆయన్ని నిన్న రాత్రి ఇంటికి తెచ్చుకున్నం. కాలుకు రాడ్ వేసిన్రు, ప్రాణానికి భయం లేదన్నరు. నిద్రలేక కళ్ళు మండుతున్నయ్ గానీ ఇప్పుడు రాయకపోతే మళ్ళ రాయను.

బండి యాక్సిడెంట్ అని ఫోన్ వచ్చినప్పుడు, ఆయన ఎట్లున్నడో అన్న భయం వెనకాలే ఇంకోటి: పిల్లగాణ్ణి ఎవరికియ్యాలె? ఏడాదిన్నరోడు, వార్డులకు రానియ్యరు. అమ్మ పత్తి ఏరుడు ఇడిచిపెట్టి ఊర్నించి వచ్చేసరికి ఆలస్యమైంది. తమ్ముడు రాత్రుళ్ళు ఆస్పత్రిల పండుకున్నడు. వీళ్ళకు థాంక్స్ చెప్తే తిడతరు.

ఆస్పత్రిల సోషల్ వర్కర్ మేడమ్ ఆరోగ్యశ్రీ కాగితాలు చూస్తనే మా బోరబండ అంగన్‌వాడీ టీచర్‌కు ఫోన్ కలిపించింది. ఆ టీచర్ చెప్పింది, వెనక గల్లీల టైలరాంటీ దగ్గరికి పోమని.

ఒక్కటే అర్ర. మిషన్ పక్కన చాప, దాని మీద అప్పటికే నలుగురు పిల్లలు. కత్తెర్లు, సూదులు పిల్లలకు అందకుండ గోడకు ఎత్తుల సంచిల. పైసల ముచ్చటే తియ్యలే. "తిన్నవా బిడ్డా?" అన్నది.

రోజూ రాత్రి నేను పోతే చేతిల చీటీ పెట్టేది. జాకెట్ కొలతలు రాసే కాగితం వెనకాల: "పప్పన్నం సగం తిన్నడు. మోషన్ మంచిగైంది. పొద్దుమూకినంక తలుపు కాడ్నే నిలబడ్డడు." అది చదివి నల్లా కాడ కూసొని ఏడ్చిన. పైసలియ్యబోతే "మీ ఆయన నడిచినంక ఇద్దువు తియ్" అన్నది.

అంగన్‌వాడీల మూడేండ్లు నిండినోళ్ళనే కూసోబెడతరు. మావోడంతోళ్ళకు బాలామృతం పిండి ప్యాకెట్ ఇచ్చి పంపుతరు. ప్యాకెట్ పిల్లగాణ్ణి ఎత్తుకుంటదా? 50 మంది పనిచేసే కాడ పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017ల చట్టం తెచ్చిన్రు. నేను పనిచేసే గోదాంల ఏ కాంట్రాక్టర్ లెక్కల చూసినా 50 దాటరు, అందరం కలిస్తే గోదాం నిండుతది! టీచర్లకే సరిగ్గ జీతం లేదు, ఇగ ఈ ఆంటీలను ఏ రిజిస్టర్ల ఎవరు రాసుకుంటరు?

ఆంటీకి ఫేస్‌బుక్ లేదు, గల్లీలోళ్ళు ఎవరన్న చదివి వినిపించున్రి. జాకెట్లు కుట్టించుకునేటోళ్ళు నన్ను అడగున్రి, ఇల్లు చూపిస్త.

అయ్యో, ఫోన్ ఛార్జింగ్ పెట్టనిచ్చిన మెడికల్ షాపు అన్న, ఆస్పత్రి కాడ మీటర్ మీద పైసా ఎక్కువ అడగని ఆటో చాచా, నా డ్యూటీ చేసిన గోదాం అక్కలు, మర్చిపోలే. రక్తమిచ్చిన పిల్లగాడు పేరు చెప్పకుండనే పోయిండు, ఇది కనబడితే ఒక మెసేజ్ పెట్టు తమ్మీ.