దుప్పట్లు పంచితే పారిశ్రామిక పరిచర్య అయిపోదు

సంపాదకులు గారికి,

శ్రీసిటీ పారిశ్రామికవాడ దగ్గర కార్మికులకు చర్చివాళ్లు దుప్పట్లు పంచిన వార్త గతవారం మీ జిల్లా పేజీలో వచ్చింది. ఇచ్చిన చేతులకు దండం. కానీ దానికి ‘పారిశ్రామిక పరిచర్య’, అంటే ఫ్యాక్టరీ కార్మికుల మధ్య చర్చి చేసే సేవ, అని శీర్షిక పెట్టడం మింగుడుపడలేదు.

ఆ పని ఎలా చేయాలో 1944లోనే ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బిషప్ లెస్లీ హంటర్ చేసి చూపించారు. టెడ్ విక్‌హామ్ అనే పాస్టరును ఉక్కు కర్మాగారాల్లోకే పంపారు. యాజమాన్యం, యూనియన్ రెండూ సరేనన్నాకే లోపలికి వెళ్లడం, ఫర్నేసుల పక్కన విరామంలో కూర్చుని కార్మికుల మాట వినడం. ఆయన్ను నియమించింది బిషప్పు, కంపెనీ కాదు. కంపెనీ మనిషి అనుకుంటే కార్మికుడు నోరు విప్పడు.

మన దగ్గరేమో వారం సెలవు షిఫ్టుతో పాటు మారుతున్నా ఆరాధన మాత్రం ఆదివారం పొద్దున్నే. రాత్రి షిఫ్టు దిగి హాస్టల్లో నిద్రపోయే ఆడపిల్లలు ఎప్పుడు రావాలి?

వాళ్లకు కావలసింది ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, లెక్క విడమరిచి చెప్పే మనిషి. 12 వేల జీతంలో 0.75 శాతం, అంటే 90 రూపాయలు కోస్తారు. యాజమాన్యం 3.25 శాతం, 390 కట్టాలి. జబ్బుచేసినప్పుడు డబ్బు రావాలంటే ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి గడువుల్లో ఆ జబ్బు కాలానికి లెక్కకొచ్చేదాంట్లో 78 రోజుల చందా పడి ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడు పాత బీమా నంబరు ఇవ్వకపోతే కొత్తది పుట్టిస్తారు. ఒకే గడువులో పాత నంబరు మీద 40 రోజులు, కొత్తదాని మీద 45. కలిపితే 85 ఉన్నా విడివిడిగా ఏదీ చాలదు, చేతికి పైసా రాదు. చేరిన రోజే పాత నంబరు రాసిస్తే ఈ తిప్పలుండవు. పనిలో దెబ్బ తగిలితే ఆ 78 రోజుల లెక్కే లేదు, తొలిరోజు నుంచే హక్కు. అది తెలియని పిల్లను మేస్త్రీ ‘ఇంట్లో తెగిందని చెప్పు’ అని ప్రైవేటు క్లినిక్కుకు తీసుకుపోతాడు.

తనిఖీకి వచ్చే అధికారులు ఆఫీసు గదిలో రిజిస్టర్లు తిరగేసి వెళ్లిపోతారు, లైన్లో నిలబడ్డవాళ్లను ఒక్క మాట అడగరు. అర్జీ పెడితే సైటు పనిచేయలేదు, రేపు రమ్మంటారు. రేపు రావాలంటే ఒకరోజు కూలి పోతుంది. శంకుస్థాపనల మీదున్న శ్రద్ధ తర్వాత కార్మికుల మీద ఎందుకుండదో!

పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె ఆరోగ్యవరంలో, మిషన్లు కలిసికట్టుగా 1915లో క్షయ ఆసుపత్రి తెరిచాయి. జనం బాధ ఏదో చూసి చేసిన పని అది. సత్యవేడు, రేణిగుంట చర్చి సంఘాలు ఇద్దరిద్దరికి ఈఎస్ఐ, పీఎఫ్ పనులు నేర్పించి షిఫ్టు మారే వేళ హాస్టళ్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఏ మతమని అడగకూడదు. నగరి మరమగ్గాల షెడ్లలో పదిమంది లోపు ఉంటే ఈఎస్ఐ తప్పనిసరి కాదు కాబట్టి, అక్కడ అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్ నమోదుతో మొదలుపెట్టాలి.

- ఒక సంఘ సభ్యుడు, తిరుపతి