‘వెస్ట్ సైడ్ స్టోరీ’: గోడకు అవతలి పక్క కూడా కనబడాలి

సంపాదకులు గారికి,

సంగీత నాటకాలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని కమ్మని ప్రేమకథగా పరిచయం చేసి, మంచి గొంతున్న నాయికానాయకులు ఇద్దరు దొరికితే చాలు, ఎవరైనా దాన్ని రంగస్థలం మీదికి తేవచ్చునని ముగించింది. ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ నాటకంలో ప్రేమ ఎంత ముఖ్యమో, దానికి అడ్డునిలిచిన గోడ అంతకన్నా ముఖ్యం. గోడకు ఒక పక్కనే వెలుగు వేస్తే, ఎంత శ్రావ్యంగా పాడినా మిగిలేది పాటకచేరీ.

1957 సెప్టెంబరు 26న న్యూయార్క్‌లోని వింటర్ గార్డెన్ థియేటర్‌లో మొదలైన ఈ నాటకానికి లియొనార్డ్ బెర్న్‌స్టైన్ సంగీతం కూర్చారు. స్టీఫెన్ సాండ్‌హైమ్ పాటలు, ఆర్థర్ లారెంట్స్ సంభాషణలు రాశారు. జెరోమ్ రాబిన్స్ దర్శకత్వంతో పాటు నృత్యాలూ చూసుకున్నారు. 1949లో రాబిన్స్‌కు తోచిన కథలో తగవు కేథలిక్కులకూ యూదులకూ మధ్య. అది ముందుకు సాగలేదు. కొన్నేళ్ల తర్వాత వీధి ముఠాల కొట్లాటల వార్తలు పత్రికల్లో చూసినప్పుడు, అమెరికా ఏలుబడిలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుర్రాళ్లకూ, ఐరోపా నుంచి అంతకు ముందే వచ్చి స్థిరపడినవారి పిల్లలకూ మధ్య కథగా దాన్ని మార్చుకున్నారు. నాయకుడు టోనీది పోలండ్ సంతతి, నాయిక మరియా ప్యూర్టోరికో అమ్మాయి. ప్యూర్టోరికో వాళ్లకేమో 1917 నుంచే అమెరికా పౌరసత్వం ఉంది. కాబట్టి ఇది సొంతవాడు పరాయివాణ్ణి తరమడం కాదు, ముందు రైలెక్కినవాడు తలుపు దగ్గర నిలబడి, టికెట్ ఉన్న మరొకణ్ణి ‘చోటు లేదు’ అని తోసేయడం. ఈ సంగతి పట్టుకోని దర్శకుడికి మొదటి సన్నివేశంలోనే పట్టు తప్పుతుంది. నేను చూసిన ఒక ఔత్సాహిక ప్రదర్శనలో ఒక ముఠాకు ఎర్ర చొక్కాలు, ఇంకొకదానికి నీలం చొక్కాలు తొడిగి ఊరుకున్నారు. చొక్కాలు అటూ ఇటూ మార్చినా కథకు వచ్చే నష్టమేమీ కనబడలేదు.

అసలు చిక్కు రచనలోనే ఉంది. ముందే స్థిరపడినవారి పిల్లల ముఠా అయిన జెట్స్‌కు తమ గురించి తాము చెప్పుకోవడానికి రెండు మూడు పాటలున్నాయి, నవ్వించే పాటతో సహా. ప్యూర్టోరికో కుర్రాళ్ల ముఠా అయిన షార్క్స్‌లోని మగవాళ్లకు రంగస్థల ప్రతిలో తమదంటూ ఒక్క పాటా లేదు. ‘అమెరికా’ పాటను షార్క్స్ నాయకుడు బెర్నార్డో ప్రియురాలు అనిటా, ఆమె స్నేహితురాళ్లు పాడతారు. ఈ నాటకాన్ని తెరకెక్కించిన 1961 నాటి చిత్రంలో ఆ పాటను ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య వాదులాటగా మార్చి, ప్యూర్టోరికోను కించపరిచే మాటలను కొంత సరిదిద్దారు. అదే చిత్రం మరియాగా నటాలీ వుడ్‌ను తీసుకుంది. ఆమె పాటలను మార్నీ నిక్సన్ పాడారు. అనిటాగా నటించిన, స్వయంగా ప్యూర్టోరికోలో పుట్టిన రీటా మొరేనోకు కూడా ముఖానికి ముదురు రంగు పూశారు! రచనలో ఉన్న ఈ తూకం తేడాను పాత్రల ఎంపికలో, కదలికల్లో, మౌనంలో సరిదిద్దడం ప్రదర్శించేవారి పని. రాబిన్స్ ఆ రోజుల్లో ఎనిమిది వారాల రిహార్సల్స్ అడిగి తీసుకున్నారు. రెండు ముఠాల నటులను తెర వెనక కూడా కలిసి తిరగనిచ్చేవారు కాదు. ఆ కాఠిన్యాన్ని నేను సమర్థించను గానీ, ఆయన శ్రద్ధ అంతా ప్రేమజంట మీదనే లేదన్నది స్పష్టం.

భాష విషయంలోనూ అంతే. 2009లో తొంభై దాటిన లారెంట్స్ ఈ నాటకానికి స్వయంగా దర్శకత్వం వహించినప్పుడు, సంగీత నాటకకర్త లిన్-మాన్యుయెల్ మిరాండా చేత షార్క్స్ పాటలను, మాటలను కొన్నింటిని స్పానిష్‌లోకి మార్పించారు. కొన్ని నెలలకే అందులో కొంత మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చేసింది. నా దృష్టిలో అది వెనకడుగు. ఇదే కథతో తీసిన 2021 చిత్రంలో దర్శకుడు స్పీల్‌బర్గ్ స్పానిష్ మాటలకు ఉపశీర్షికలు వేయకపోవడం నాకు నచ్చింది. అవతలివాడి మాట అర్థం కానప్పుడు కలిగే ఇబ్బంది ప్రేక్షకుడికీ కాస్త తగలాలి.

గొంతు అక్కర్లేదని నేను అనడం లేదు. టోనీ ‘మరియా’ అని పిలిచే స్వరాలు మన లెక్కలో షడ్జం (స) నుంచి ప్రతిమధ్యమానికి (పై ‘మ’కు) ఎగబాకి పంచమంలో (ప) సేదదీరతాయి. ఆరంభంలో ముఠాల సంగీతంలో అదే ప్రతిమధ్యమం పంచమానికి చేరకుండా తెగిపోతుంది. పగ, ప్రేమ ఒకే స్వరం నుంచి పుట్టాయని వినిపించాలంటే నాయకుడి గాత్రం ఒక్కటే చాలదు, వాద్యబృందం అంతా కావాలి. ఇక ముగింపులో, టోనీ హత్యకు గురయ్యాక తుపాకి పట్టిన మరియాకు ఒక పాట కూర్చాలని బెర్న్‌స్టైన్ పలుమార్లు ప్రయత్నించి విరమించుకున్నారు. అక్కడ ఆమె పాడదు, మాట్లాడుతుంది. వన్స్‌మోర్ కొట్టి, చనిపోయిన పాత్రను కూడా లేపి పద్యం పాడించుకున్న మనకు ఇది కొత్తగా ఉంటుంది. అయినా అక్కడ కావలసింది గాయని కాదు, నటి.

ఇకముందు ఈ నాటకాన్ని ఎవరు ప్రదర్శించినా, మీ సమీక్షకులు టోనీ, మరియాల గాత్రాలతో పాటు అనిటా, బెర్నార్డో పాత్రలకు ఎవరిని ఎంచుకున్నారో, పాట లేని ఆ కుర్రాళ్లు ఊరికే నిలబడినప్పుడు రంగస్థలం మీద ఏం కనబడిందో కూడా రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రంగస్థల అభిమాని