సాలీడు భయం బ్యాచ్ వాళ్ళందరికీ

అందరికీ నమస్తే అండి, ఆదివారం క్లాసు అమలాపురంలో అదే మేడ మీద, టిఫిన్ చేసి వచ్చేయండి. పోయినవారం ఫోటోలు వీడియోలు చూశాం కదా, ఈసారి మూత పెట్టిన గాజు సీసాలో నిజం సాలీడే ఉంటుంది, గదికి ఆ చివర బల్ల మీద పెడతారు, ఎవరెంత దగ్గరికి వెళ్తారన్నది వాళ్ళిష్టం, మేడంగారు ఎవర్నీ నెట్టరు, చెప్పకుండా మీదకి తేవడం లాంటివి అసలుండవు. గుండె దడ మొదలవ్వగానే మాత్రం బయటకి పరిగెత్తకండి ప్లీజ్, అక్కడే నిలబడితే కాసేపటికి దానంతటదే దిగుతుంది, పారిపోతే మళ్ళీసారికి భయం ఇంకా ముదిరిపోతుంది. ముందు బ్యాచ్‌లో రాజోలు పిన్నిగారు గుమ్మం దగ్గరే ఏడ్చేశారు, సాయంత్రానికి సీసా మీద చెయ్యేశారు, నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

ఇంకోటండి, మన పెంకుటిళ్ళ గోడలకి అరచెయ్యంత వెడల్పున అంటుకునుండే గోధుమరంగుది ఉంది చూశారూ, అది గూడు అల్లదు, రాత్రిళ్ళు బొద్దింకల్ని వేటాడుకు తింటుంది. పొట్టకింద తెల్లబిళ్ళ పట్టుకు తిరిగితే అది ఆడది, ఆ బిళ్ళ గుడ్లసంచి. వరిచేలో పైరుని పాడుచేసే సుడిదోమ పురుగుని తినేది కూడా సాలీళ్ళే, రైతుల్ని అడగండి. లండన్ జూలో కూడా ఇలాంటి కోర్సే ఉంది, అక్కడ అందర్నీ కూర్చోబెట్టి హిప్నాసిస్ చేస్తారు, మనకి అది లేదు.

వచ్చేటప్పుడు వెడల్పాటి గ్లాసు, అట్టముక్క తెచ్చుకోండి, గ్లాసు బోర్లించి అట్ట కిందకి జరిపి పెరట్లో వదలడం చివర్లో నేర్పుతారు. రాలేనివాళ్ళు శనివారంలోగా ఇక్కడే చెప్పండి.