పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీరు వేసిన 'పిడుగులు పడే వేళ జాగ్రత్తలు' బాక్సు గురించి ఈ ఉత్తరం. రాసి ఏం లాభంలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. నిన్న ఎవరో పుణ్యాత్ములు దాన్ని నీటుగా కత్తిరించి మా లిఫ్టులో అతికించారు. ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా అదే కళ్లబడుతోంది. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మొదటి సలహా: 'ప్రజలు అప్రమత్తంగా ఉండాలి'. ఎండలకు ఇదే మాట, వరదకు ఇదే, గాలివానకు ఇదే, ఇప్పుడు పిడుగుకూ ఇదే. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్న సామెత మీ పేజీలో అక్షరాలా నిజమైంది. అప్రమత్తంగా ఉండటమంటే ఏం చేయాలండీ? మేడెక్కి మబ్బుల వంక చూస్తూ నిలబడాలా?

రబ్బరు చెప్పులు వేసుకుంటే రక్షణట. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకొచ్చే దానికి అర అంగుళం రబ్బరు ఒక అడ్డా? కారులో ఉంటే క్షేమం అన్నారు, నిజమే. కానీ కారణం టైర్లని రాశారు. కాపాడేది టైర్లు కాదు, చుట్టూ ఉన్న లోహపు బాడీ. కరెంటు దాని పైనుంచే నేలలోకి పోతుంది, అందుకే అద్దాలు ఎత్తుకుని, లోపలి ఇనుము ముట్టుకోకుండా కూర్చోమంటారు. టైర్లే కాపాడతాయని నమ్మినవాడు బైకు మీద కూడా ధీమాగా పోతాడు. ఇక సెల్‌ఫోన్ పిడుగును లాగుతుందన్నది శుద్ధ అబద్ధం. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకుంటేనే భయం, అది కూడా తీగ వల్ల.

అన్నిటికన్నా ఘోరం చివరి పాయింటు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకోవద్దు, షాక్ కొడుతుంది అని వేశారు. ఆ మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదండీ. గుండె ఆగిపోయి ఉండొచ్చు, అంబులెన్సుకు ఫోన్ చేసి వెంటనే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెడితే లేచి కూర్చునే అవకాశం ఉంటుంది. పిడుగు పడితే చావే అనుకుంటాం గానీ బతికేవాళ్లు చాలామంది. అమెరికాలో రాయ్ సలివన్ అనే పార్కు రేంజరుకు 1942 నుంచి 1977 దాకా ఏడుసార్లు తగిలింది, ఏడుసార్లూ బతికాడు. మీ బాక్సు నమ్మి దూరంగా నిలబడి చూస్తే బతికేవాడు కూడా పోతాడు.

నాకు ఇంత కోపం ఎందుకంటే, పోయిన నెల మా మనవణ్ని తీసుకురావడానికి వాళ్ల స్కూలు గ్రౌండుకు వెళ్లాను. పడమట నల్లగా కమ్ముకుంది, ఉరుముతోంది, ఆట మాత్రం ఆగలేదు. 'వాన ఇంకా మొదలవలేదు కదండీ' అన్నారు సారు. వాన కురిసేచోటికి పది, పదిహేను కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడొచ్చు. ఉరుము వినపడిందంటే మనం దాని అందుబాటులో ఉన్నట్టే. మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టాను, తొమ్మిది అంకెలు వచ్చింది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు, అంటే మూడు కిలోమీటర్లు. తర్వాతదానికి ఆరు అంకెలే, అంటే రెండు కిలోమీటర్లు. చినుకులు పడ్డాక పిల్లల్ని ఎక్కడికి తోలారనుకున్నారు? నాలుగు ఇనుప స్తంభాల మీద రేకుల షెడ్డు, గోడల్లేవు. ముప్పై మంది ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు, మావాడు స్తంభాన్ని కావలించుకుని ఉన్నాడు. పది అడుగుల్లో పక్కా బిల్డింగు ఉంది, తాళం వేసి. అదేమిటంటే 'మెసేజ్ ఏమీ రాలేదు కదండీ' అన్నారాయన.

మెసేజ్ వచ్చింది. చుక్కలు కనిపిస్తున్న వేళ, రాత్రి ఎనిమిదిన్నరకు. 'రాబోయే మూడు గంటల్లో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన వర్షం కురిసే అవకాశం'. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడో దేవుడికి తెలియాలి. కంట్రోల్ రూమ్ నంబరంటూ ఒకటి ఇచ్చారు, రెండుసార్లు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మర్నాడు మీ పేపర్లో మాత్రం అధికారులు పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని, ముందు నీళ్ల సీసాలు పెట్టుకుని 'సమీక్షించిన' ఫొటో వచ్చింది. ఒకప్పుడు పేపర్లో పడిందంటే నిజమే అనుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్లో తిరిగే ఫార్వర్డ్ మెసేజీకీ మీ బాక్సుకీ తేడా అచ్చు సిరా ఒక్కటే.

వేయదలిస్తే నాలుగు ముక్కలు చాలు. ఉరుము వినగానే గోడలూ స్లాబూ ఉన్న ఇంట్లోకి గానీ, మూసిన కారులోకి గానీ వెళ్లండి. చెట్టు కిందకీ, గోడల్లేని షెడ్డు కిందకీ పోకండి. లోపల ఉన్నా కుళాయీ, ప్లగ్గులో పెట్టిన వస్తువులూ ముట్టుకోకండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకండి. దీనికి నిపుణుల కమిటీ అక్కర్లేదు.

సవరణ వేస్తే లోపలి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, ఆదివారంనాటి సైజులోనే వేయండి. లిఫ్టులో పాతదాని మీద సరిగ్గా అతకాలి. నా ఉత్తరానికి చోటు లేకపోతే ఇది మానేసి అది వేయండి.

- ఒక పాఠకుడు